కుడివైపు గుండె, ఎడమవైపు పన్ను

ఆ ఆదివారం పొద్దున ఇమాం హుస్సేన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి మార్టూరు చేరాలి. తొమ్మిదింటికి పన్ను పీకించుకోవాలి. పదింటికల్లా తిరిగొచ్చి వెంకయ్య కోల్డ్ స్టోరేజీలో నాలుగొందల మిరప టిక్కీలకు మార్కాలు వేయాలి. బక్రీదు ఇంకా పన్నెండు రోజులుంది. ఈలోపు దవడ మానితే పండగనాడు అందరితో కలిసి కూర్చుని మూలుగ బొక్క కొరకొచ్చు. పోయిన ఏడు బక్రీదుకు కూడా ఇదే పన్ను, కుడి దవడ కింది పన్ను. చుట్టాలంతా ముక్కలు లాగుతుంటే తను గోడ వైపు తిరిగి, రొట్టెను షేర్వాలో నానబెట్టి మింగాడు. ఈసారి అలా తినేది లేదని పెళ్ళాం ముందు గట్టిగా చెప్పాడు. యాభై ఏళ్ళ జీవితంలో అతను ఇంత గట్టిగా చెప్పిన మాటలు రెండో మూడో ఉంటాయి. వాటిలో ఒక్కటీ జరగలేదు.

అది రెండువేల సంవత్సరం, మార్చి నెల. మిరప కోతలు ముగిసి, హైవే పొడుగునా కోల్డ్ స్టోరేజీల ముందు ట్రాక్టర్లు బారులు తీరిన రోజులు. రైతు తెచ్చిన ప్రతి టిక్కీ మీద, అంటే ప్రతి బస్తా మీద, రైతు పేరూ లాటు నెంబరూ, పక్కన వెంకయ్య కోల్డ్ స్టోరేజీ తాలూకు నక్షత్రం గుర్తూ నల్ల రంగుతో కొట్టాలి. గుర్తు కోసిన షీటును గోతం మీద పెట్టి పైన కుంచె లాగితే మార్కా పడుతుంది. షీటు ఇనప రేకుదైతే వేళ్ళు తెగుతాయి. అట్టదైతే నాలుగు బస్తాలకే నానిపోతుంది. అన్నిటికన్నా మంచిది పాత ఎక్స్-రే ఫిలిం. వంగుతుంది, చిరగదు, తుడిస్తే రంగు పోతుంది. అందుకని చుట్టుపక్కల ఎవరికి దగ్గొచ్చినా, ఎవరి కాలు విరిగినా, డాక్టరు చూడ్డం అయిపోగానే ఆ ఫిలిం ఇమాం హుస్సేన్ మంచం కింద ట్రంకు పెట్టెలోకి చేరేది. వెంకయ్య అయితే రేకు కొనివ్వాల్సొస్తుందని తన ఇంటిల్లిపాదివీ కట్టకట్టి తెచ్చి పడేశాడు. అలా ఒక ఊరి ఎముకలన్నీ ఒక పెట్టెలో ఉండేవి.

మార్టూరులో ఆ రోజు జరిగేది గ్రానైటు పనివాళ్ళ క్యాంపు. ఒక ప్రైవేటు వైద్య కళాశాల, దాని కాంపౌండులోనే ఉన్న పళ్ళ కళాశాల కలిసి పెట్టాయి. రాళ్ళకు పాలిష్ పట్టేవాళ్ళ ఊపిరితిత్తుల్లో ఎంత దుమ్ము చేరింది, పళ్ళు ఎంత అరిగాయి అని పరిశోధన. పరిశోధన అంటే ఎవడూ రాడు కాబట్టి పళ్ళు ఉచితంగా పీకుతామన్నారు. ఒకటే షరతు. ఛాతీ ఎక్స్-రే చూపించినవాళ్ళకే పీకుడు. ఎక్స్-రే తీసే బండి చెడిపోయింది గనక పాతది ఉంటే తెచ్చుకోమన్నారు.

"ఏమే, నా ఛాతీ ఫిలిం ఇట్టా పారెయ్" అన్నాడు ఇమాం హుస్సేన్ చెప్పులేసుకుంటూ. మూడేళ్ళ కిందట మిరప ఘాటుకి దగ్గు పట్టుకుంటే తీయించుకున్నది ఒకటుంది.

రహిమున్నీసా పెట్టె తెరిచి పైనున్నది తీసి చేతిలో పెట్టింది. "ఇదేనా?"

ఇమాం హుస్సేన్ దాన్ని ఎండకు పెట్టి చూశాడు. పక్కటెముకలు ఉన్నాయి. పై మూల కోసేసి ఉంది. కోసింది తనే. "ఇదే" అన్నాడు.

క్యాంపులో బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా తలెత్తలేదు. "ఏ ఫ్యాక్టరీ?"

రాయి పని కానివాళ్ళని వెనక్కి పంపేస్తున్నారని వరసలో ముందున్నవాడు అప్పటికే చెవిలో వేశాడు. "మార్కాలు వేస్తానండీ" అన్నాడు ఇమాం హుస్సేన్. అబద్ధం కాదు.

"రాళ్ళ మీదా?"

"ఏ మార్కా అయినా మార్కాయే గదండీ."

గుమాస్తాకు అంతకన్నా తెలుసుకోవాలని లేదు. గ్రానైటు అని రాసేశాడు.

లోపల అఖిల అనే కుర్ర డాక్టరమ్మ ఉంది. చదువు అయిపోవస్తున్న పిల్ల, కళ్ళ కింద నిద్ర లేదు. ఫిలిం అందుకుని కిటికీ వెలుగులో పెట్టింది. తిప్పి పెట్టింది. మళ్ళీ మొదట్లా పెట్టింది. ఇమాం హుస్సేన్ వంక చూసి, ఫిలిం వంక చూసి, "పెద్దాయనా, ఈ పై మూల ఏమైంది?" అని అడిగింది.

"పనికి కోశానండీ. నా పన్నండీ, ఇటు పక్కది..."

"ఒక్క నిమిషం. సార్! త్రినాథ్ సార్!"

త్రినాథ్ గారు శరీర నిర్మాణం బోధించే ప్రొఫెసరు. మనిషి లోపల ఏది ఎక్కడుంటుందో ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నాడు. ఎవరి లోపల చూసినా అవి అక్కడే ఉండటం ఆయన జీవితంలోని దుఃఖం. తన పేరు మీద ఒక్క కొత్త సంగతి అచ్చుకాలేదు. తన దగ్గర చదివినవాళ్ళు పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో కుర్చీలెక్కారు. ఆయన ఫిలిం అందుకుని వెలుగులో పెట్టగానే గొంతు మారిపోయింది.

"గుండె కుడి పక్కనుంది!"

"ఫిలిం తిరగేసి పట్టుకున్నామేమో సార్. ఎడమ గుర్తు ఉండే మూల లేదు" అంది అఖిల.

"ఇరవై రెండేళ్ళుగా ఫిలిములు చూస్తున్నానమ్మా. ఏది ముందో ఏది వెనకో నాకు చెప్పకు. పదివేల మందిలో ఒకడికి ఉంటుంది ఇలా! లోపలున్నవన్నీ అటువి ఇటు, ఇటువి అటు!"

అఖిల స్టెతస్కోపు పెట్టి విన్నది. "సార్, ఎడమ పక్కే వినిపిస్తోంది."

"అది ప్రతిధ్వని" అన్నాడు ప్రొఫెసరు.

ఆ మధ్యాహ్నం ఇమాం హుస్సేన్ కళాశాల జీపులో ఎక్కాడు. పన్ను ఎప్పుడు పీకుతారని దారంతా అడిగాడు. ఇలాంటి మనిషి మీద తొందరపడి చెయ్యి వేయకూడదని వాళ్ళు చెప్పారు. కళాశాలలో అతన్ని ఒక గదిలోంచి ఇంకో గదికి తిప్పారు. గదికో కొత్త సంగతి బయటపడింది. వేళ్ళ చివర్లు నల్లగా ఉన్నాయని ఒకాయన రాసుకున్నాడు, రక్తం సరిగా అందకపోతే అలా అవుతుందట. అది మార్కా రంగని ఇమాం హుస్సేన్ చెప్పబోతే, మాట్లాడకుండా ఊపిరి బిగబట్టమన్నారు. ఊపిరి వదలగానే నాలుగు తుమ్ములు తుమ్మాడు. ముప్పై ఏళ్ళుగా మిరప గోడౌన్లలో బతికేవాడు తుమ్మక ఏం చేస్తాడు? కానీ గుండె కుడి పక్కనున్నవాళ్ళలో కొందరికి ముక్కు జబ్బు కూడా ఉంటుందని పుస్తకంలో ఉందట. త్రినాథ్ గారికి కళ్ళనీళ్ళొచ్చాయి. పళ్ళ కళాశాల వాళ్ళు నోరు తెరిపించి, ఎడమ పక్కనే నములుతున్నాడని, ఇది కూడా తారుమారు లక్షణమేనని రాసుకున్నారు. కుడి పక్క పన్ను పుచ్చిపోయి ఏడాదిగా అటు మెతుకు పెట్టలేదని అతను చెప్పాడు. నోట్లో వాళ్ళ చేతులుండగా చెప్పాడు గనక ఎవరికీ వినపడలేదు.

"మళ్ళీ ఒక ఎక్స్-రే తీస్తే సరిపోద్ది గదండీ" అన్నాడు చివరికి.

"ఇక్కడి మిషనూ చెడిపోయింది. పార్టు మద్రాసు నుంచి రావాలి."

"బయట తీయించుకొస్తా."

ప్రొఫెసరు గబుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు. "బయటా? బయటవాడు చూస్తే వాడు రాసేస్తాడయ్యా! నువ్వు ఎక్కడా చొక్కా విప్పకు."

చదువుకున్నవాళ్ళ దగ్గరున్న గొప్పతనం అది. ఒక మనిషి ఎదురుగా నిలబడి నాకు పన్ను నొప్పి అంటే నమ్మరు. ఒక ప్లాస్టిక్ ముక్క నోరు తెరవకుండా ఏం చెప్పినా నమ్ముతారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కబురు అతనికన్నా ముందే వచ్చి కూర్చుంది. గుమ్మంలో ఆడవాళ్ళు. అరుగు మీద కూర్చున్న పక్కింటి మౌలాబీ అతన్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రహిమున్నీసా ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా ఉంది.

"ఏందయ్యా, ముప్పై ఏళ్ళ సంసారం. ఒక్క మాట నాకు చెప్పలా!"

"నాకు తెలిస్తే గదే చెప్పేది."

"నీ గుండె ఏడుందో నీకు తెలవదా?"

"నీకు తెలుసా నీది ఏడుందో?"

రహిమున్నీసా రోషంగా ఎడమ పక్క చెయ్యి పెట్టుకుంది. అంతలోనే అనుమానం వచ్చి కుడి పక్క పెట్టి చూసుకుంది. గుమ్మంలోని ఆడవాళ్ళంతా ఎవరిది వాళ్ళు తడుముకోవడం మొదలుపెట్టారు. కాసేపటికి ఆమె మొగుణ్ణి గోడకు ఆనించి, ఛాతీ మీద చెవి పెట్టి, అటూ ఇటూ జరిపి విన్నది.

"రెండు పక్కలా కొడతంది."

"ఒకటి పన్ను పోటు అయ్యుంటది" అన్నాడు ఇమాం హుస్సేన్ నీరసంగా.

ఆ రాత్రి నుంచి కూరలో ఉప్పు లేదు, కారం లేదు. గుండె మనిషికి మాంసం అసలు పడదని మౌలాబీ చెప్పిందట. పండగకు కూడానా అని అడిగాడు. పండగకు పెసరకట్టు చేస్తానంది. ఇమాం హుస్సేన్ పన్ను సంగతి మర్చిపోయి మొదటిసారి నిజంగా భయపడ్డాడు.

మర్నాడు పనికి పోతే వెంకయ్య గేటు దగ్గరే ఆపాడు. మనిషి బొద్దుగా ఉంటాడు, తెల్ల చొక్కా, చేతిలో ఎప్పుడూ పళ్ళపుల్ల. తన పళ్ళు ముప్పై రెండూ గట్టిగా ఉన్నాయని పదిమందిలో చెప్పుకోవడం ఆయనకు ఒక అలవాటు.

"ఆగు ఇమామూ. లోపల నాలుగు డిగ్రీల చలి. గుండె జబ్బోడివి లోపల పడిపోతే పోలీసులు నన్ను పట్టుకుంటారు."

"నాకు జబ్బు లేదండీ. పక్క మారిందంటన్నారు, అంతే."

"అంతేనా? పక్క మారడం అంటే మాటలా? అందుకేరా పోయిన వారం ఎడమ గదిలో పెట్టాల్సిన లాటు కుడి గదిలోకి పోయింది!"

"అది హమాలీలు పెట్టిందండీ. నేను మార్కా వేసేవాణ్ణి, మోసేవాణ్ణి కాదు."

"మనిషన్నాక గుండె ఉండాల్సిన చోట ఉండాలయ్యా." వెంకయ్య తన ఎడమ రొమ్ము మీద దబదబా కొట్టుకున్నాడు. "నాది చూడు. యాభై రెండేళ్ళుగా ఎక్కడుండాలో అక్కడే ఉంది. రంగు డబ్బా, కుంచె, షీట్లు అక్కడ పెట్టి పో. ఆ కళాశాలోళ్ళు నువ్వు బాగానే ఉన్నావని కాయితం రాసిస్తే అప్పుడు రా."

ఇమాం హుస్సేన్ అన్నీ పెట్టేశాడు, ఒక్క నక్షత్రం షీటు తప్ప. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని వచ్చేశాడు. మూడు నెలల సీజను పనితో ఏడాది గడిపే మనిషి. ఆ మాత్రం కసి ఉండటంలో తప్పు లేదు. షీటు లేక కొత్తగా వచ్చినవాడు నక్షత్రాన్ని చేత్తో గీశాడు. అది పీతలా వచ్చింది. ఇవి మిరపకాయలా, కొత్తపట్నం ఎండు చేపలా అని లారీవాడు అడిగాడట.

ఇంటికొచ్చి ఊరికే కూర్చోలేక ఇమాం హుస్సేన్ ట్రంకు పెట్టె ముందేసుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. పోయిన ఆగస్టులో గ్రహణం పట్టిన రోజు. సూర్యుణ్ణి చూడటానికి వీధి వీధంతా వచ్చి ఫిలిములు అడిగి పట్టుకుపోయింది. తిరిగిచ్చేటప్పుడు ఎవరు ఏది తెచ్చారో, ఎవరి దగ్గర ఏది ఉండిపోయిందో తను చూసుకోలేదు.

"ఏమే, నిన్న ఇచ్చింది నాదేనంటావా?"

"నీదేనని నువ్వే గదా అన్నావు."

పెట్టెలో ఉన్నవి ఒక్కొక్కటీ తీసి చూశాడు. కాళ్ళు, మోకాళ్ళు, ఎవరిదో పుర్రె. ఛాతీలు ఏడు. ఏ ఛాతీ చూసినా మనిషి పేరు ఉండే మూల లేదు. ఆ మూలలో బొమ్మ పడదు, చిన్న గుర్తులు కోయడానికి అనువైన చోటని అన్నిటికీ తనే కోసేశాడు. ఇందులో తన ఛాతీ ఏది? తన గుండెను తాను గుర్తుపట్టలేక ఇమాం హుస్సేన్ ఏడింటినీ మళ్ళీ పెట్టెలో పడేశాడు.

మర్నాడు బస్సెక్కి కళాశాలకు పోయాడు. "అయ్యా, ఆ ఫిలిం నాది కాదేమోనండీ" అన్నాడు.

త్రినాథ్ గారు జాలిగా నవ్వాడు. "భయపడకు. పెద్ద సంగతి బయటపడినప్పుడు ప్రతివాడూ మొదట నాది కాదనే అంటాడు. అదీ లక్షణమే." పక్కనున్న అఖిలతో రాసుకోమన్నాడు. ఆమె రాయలేదు గానీ రాస్తున్నట్టు కలం కదిపింది.

"మరి నా పన్ను?"

"పీకుతాం. బక్రీదుకు మూడు రోజుల ముందు ఇక్కడ సభ ఉంది. నాలుగు ఊళ్ళ నుంచి ప్రొఫెసర్లు వస్తున్నారు, పేపరు వాళ్ళొస్తున్నారు. వాళ్ళందరి ముందూ పీకుతాం."

"ఇవాళే పీకరాదండీ?"

"ఇవాళ పీకితే ఎవరు చూస్తారయ్యా?"

ఇమాం హుస్సేన్ ఒప్పుకున్నాడు. పన్ను పోతుంది, కాయితం వస్తుంది. కాయితం చూపిస్తే వెంకయ్య పనిలోకి రానిస్తాడు, రహిమున్నీసా పండగకు మాంసం వండుతుంది. ఆ పన్ను ఒక్కటి ఊడితే చాలు, అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి.

సభనాడు హాలు నిండిపోయింది. పేపరు వాళ్ళొస్తారని తెలిసి వెంకయ్య కూడా గంజి పెట్టిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ రోగి తన దగ్గర పనిచేసేవాడేనని, కోల్డ్ స్టోరేజీ పేరు మర్చిపోకుండా రాయమని విలేఖరికి రెండుసార్లు చెప్పి, ముందు వరసలో కూర్చున్నాడు. కేసు కాయితం మీద సాక్షి సంతకం కూడా ఆయనే పెట్టాడు. రహిమున్నీసా బురఖాలో వెనక వరసలో కూర్చుంది. పన్ను ఊడగానే నేరుగా పనిలోకి పోవాలని ఇమాం హుస్సేన్ పని చొక్కాతోనే వచ్చాడు. అతన్ని వేదిక మీద పళ్ళ కుర్చీలో కూర్చోబెట్టారు.

త్రినాథ్ గారు ముప్పావు గంట మాట్లాడాడు. ఫిలింను దీపాల పెట్టె మీద పెట్టి చూపించాడు. నల్ల వేళ్ళు, తుమ్ములు, నమిలే పక్క, ఒక్కొక్కటీ చెబుతుంటే పెద్దవాళ్ళంతా తలలూపారు. ఇక పన్ను వంతు వచ్చింది. పళ్ళ డాక్టరు కేసు కాయితం తీశాడు. "కుడి కింది దవడ" అని ఉంది. దాని పైన త్రినాథ్ గారు ఎర్ర సిరాతో పెద్దగా రాసి, కింద రెండు గీతలు కొట్టాడు: ఈ రోగిలో కుడి ఎడమలు తారుమారు.

పళ్ళ డాక్టరు ఆగాడు. "సార్, ఇక్కడ కుడి అంటే కుడేనా?"

"తారుమారు అని రాశాను కదా!"

"అంటే ఎడమ."

"మనం ఎదురుగా నిలబడి చూస్తే మన కుడి అతని ఎడమ కదండీ" అన్నాడు పక్క ఊరి ప్రొఫెసరు.

"అప్పుడు తారుమారు చేస్తే మళ్ళీ కుడి అవుతుంది" అన్నాడు ఇంకొకాయన.

"అది చూసేవాళ్ళ కుడా, పేషెంటు కుడా?"

నలుగురు పెద్దవాళ్ళు గాలిలో చేతులు అటూ ఇటూ తిప్పుకుంటూ తేల్చుకుంటున్నారు. ఇమాం హుస్సేన్ వేలితో తన కుడి బుగ్గ చూపించాడు. ఆ బుగ్గ జామకాయంత వాచి ఉంది. పేషెంటు కదలకూడదని ఒకమ్మాయి ఆ చెయ్యి తీసి కుర్చీ మీద పెట్టింది. ఎవరు ఏమని తేల్చారో గానీ సూది ఎడమ పక్క దిగింది. నోరు మూయకుండా రబ్బరు ముక్క పెట్టారు. అతను "అ... ఆ..." అన్నాడు.

"నొప్పిగా ఉందా?" అన్నాడు పళ్ళ డాక్టరు.

ఇమాం హుస్సేన్ తల అడ్డంగా ఊపాడు.

"మందు పట్టేసింది" అని పట్టకారు పెట్టి లాగాడు. అది అంత సులభంగా రాలేదు. యాభై ఏళ్ళుగా ఏ దోషమూ ఎరగని పన్ను. దాని వేర్లు దవడను విడిచిపెట్టమన్నాయి. చివరికి ఊడి వచ్చింది. త్రినాథ్ గారు దాన్ని పళ్ళెంలో పెట్టి సభకు చూపించాడు.

"గమనించండి! పైకి ఏ జబ్బూ కనపడటం లేదు. ఈ కేసు ప్రత్యేకతే అది!"

అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలోంచి రహిమున్నీసా లేచింది.

"ఓ డాక్టరయ్యా! ఏందయ్యా మీరు పీకింది? అది గాదు! ఇటు పక్కది! బుగ్గ అంత వాచిపోతే కనపట్టంలా మీకు?"

"ఎవరమ్మా నువ్వు?"

"ఆయన భార్యను! ఏడాది నించి ఆ పన్ను పోటు వింటన్నదాన్ని!"

చప్పట్లు ఆగిపోయాయి. పక్క ఊరి ప్రొఫెసరు లేచి, దీపాల పెట్టె దగ్గరికి నడిచి, ఫిలింను వేలితో పొడిచాడు. "త్రినాథ్ గారూ, దీని మీద పేరేదండీ? ఎడమ గుర్తేది? అసలు ఇది ఇతనిదని ఏమిటి సాక్ష్యం?"

త్రినాథ్ గారు మొదటిసారి తడబడ్డాడు. అఖిల మాత్రం పరుగెత్తుకుంటూ కుర్చీ దగ్గరికి వచ్చి, రోగి నోట్లో రబ్బరు ముక్క తీసేసింది. "పెద్దాయనా, ఆ మూల పనికి కోశానన్నారే, అది ఎక్కడుంది?"

ఇమాం హుస్సేన్ నోట్లో దూది కుక్కి ఉంది. మాట్లాడకుండా చొక్కా జేబు చూపించాడు. రహిమున్నీసా వేదిక ఎక్కి అందులో చెయ్యిపెట్టి నక్షత్రం షీటు తీసింది. అరచేతి కన్నా చిన్నది, మధ్యలో నక్షత్రం కోసి ఉంది, చుట్టూ నాలుగేళ్ళ నల్ల రంగు పేరుకుని ఉంది. అఖిల దాన్ని ఫిలిం కోసిన మూలకు ఆనించింది. వంకర వంకరగా కోసిన అంచులు రెండూ చక్కగా కలిసిపోయాయి.

ఆమె స్పిరిటు దూదితో రంగు తుడవసాగింది. ముందు ఎడమ గుర్తు బయటపడింది. అది గుండె లేని పక్కనే ఉంది. "చూశారా!" అని అరిచాడు త్రినాథ్ గారు. "నేను చెప్పింది అక్షరాలా నిజం! గుండె కుడి పక్కే ఉంది!"

ఆయన చెప్పింది నిజమే. అఖిల ఇంకా తుడుస్తోంది. నక్షత్రం కింద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. ఆమె మెల్లగా చదివింది.

"బి. వెంకయ్య. నలభై ఎనిమిదేళ్ళు. తేదీ... నాలుగేళ్ళ కిందటిది."

ముందు వరసలో పళ్ళపుల్ల కిందపడింది.

"వెంకయ్య ఎవరు?" అన్నాడు విలేఖరి.

"నా యజమానండీ" అన్నాడు ఇమాం హుస్సేన్ దూది తీసి, చాలా మర్యాదగా.

"నాది కాదు! నాకేం సంబంధం లేదు!" వెంకయ్య లేచి నిలబడ్డాడు. "నాలుగేళ్ళ కిందట నిమ్ము చేస్తే తీశారంతే! ఆ డాక్టరు దగ్గు మందు రాసి పంపాడు, గుండె గురించి ఒక్క మాట అనలా!"

"మొదట అందరూ అలాగే నాది కాదంటారండీ" అంది అఖిల, ప్రొఫెసరు వంక చూడకుండా. వెంకయ్య గంజి చొక్కా గుండీలు విప్పి ఎడమ పక్క స్టెతస్కోపు పెట్టింది. విన్నది. కుడి పక్క పెట్టింది. ఆమె ముఖం చూసి త్రినాథ్ గారు కుర్చీలు దాటుకుంటూ వచ్చాడు.

ఆ తర్వాత జరిగింది తొక్కిసలాట. నలుగురు ప్రొఫెసర్లు, అరవై మంది విద్యార్థులు, ఇద్దరు విలేఖరులు వెంకయ్య మీద పడ్డారు. ఒకరు చెయ్యి పట్టుకున్నారు, ఒకరు నాలుక చాపమన్నారు. త్రినాథ్ గారు కేసు కాయితం మీద ఇమాం హుస్సేన్ పేరు ఒక్క గీతతో కొట్టేసి, పైన వెంకయ్య పేరు రాశాడు. మిగతావేవీ కొట్టేయలేదు. నల్ల వేళ్ళూ, తుమ్ములూ, నమిలే పక్కా అన్నీ అలాగే ఉంచాడు. అంత కష్టపడి సంపాదించినవి ఎవరు వదులుకుంటారు?

"ఇమామూ, చెప్పరా వీళ్ళకి!" అని గుంపు మధ్యలోంచి వెంకయ్య గొంతు వినపడింది. "నా గుండె ఉండాల్సిన చోటే ఉందని చెప్పరా!"

ఇమాం హుస్సేన్ కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. "నాకు నాదే తెలవదండీ" అన్నాడు. "మీది నాకేం తెలుసు."

అందరూ వెంకయ్యను పక్క గదిలోకి తీసుకుపోయాక హాల్లో మొగుడూ పెళ్ళాం మిగిలారు. గుమ్మంలోంచి పోతున్న పళ్ళ డాక్టరును ఇమాం హుస్సేన్ పిలిచాడు. "అయ్యా, నా పన్నండీ. కుడి పక్కది."

"నువ్వు గ్రానైటు పనివాడివేనా?"

ఇన్ని రోజుల తర్వాత ఇమాం హుస్సేన్‌కు అబద్ధమాడే ఓపిక లేకపోయింది. "కాదండీ. మిరప బస్తాలకు మార్కాలు వేస్తా."

"మరి అది చెప్పవేం? ఉచితం గ్రానైటు వాళ్ళకేనయ్యా!" అని పళ్ళ డాక్టరు వెళ్ళిపోయాడు.

పని మాత్రం దొరికింది. మర్నాడు పొద్దున్నే వెంకయ్య భార్య హనుమాయమ్మ రంగు డబ్బా, కుంచె ఇచ్చి కబురు పంపింది. ఆయన మంచం దిగటం లేదట. ఉప్పు లేని అన్నం పెడుతోందట. చల్లగాలి తగలకూడదని ఫ్యాను కూడా వేయడం లేదట. ఇమాం హుస్సేన్ రెండు రోజుల్లో ఆరొందల టిక్కీలకు నక్షత్రాలు కొట్టాడు. ఆ షీటు కళాశాల వాళ్ళు ఉంచేసుకున్నారు గనక కొత్తది కోసుకున్నాడు. ఈసారి ఎవరిదో మోకాలి ఫిలింలోంచి.

బక్రీదునాడు రహిమున్నీసా ఉప్పూ కారం దట్టించి వండింది. మూలుగ బొక్క కూడా వేసింది. కుడి పక్క పుచ్చిపన్ను, ఎడమ పక్క మానని గుంట. ఇమాం హుస్సేన్ కాసేపు ఆ బొక్క వంక చూసి, గోడ వైపు తిరిగి, రొట్టెను షేర్వాలో నానబెట్టుకున్నాడు.

ఆ ఏడాది చివర్లో త్రినాథ్ గారి పరిశోధన అచ్చయింది. ఊడిన పన్నును ఒక సీసాలో పెట్టి, వెంకయ్య పేరు రాసి, కళాశాల అద్దాల బీరువాలో ఉంచారు. వెంకయ్య పళ్ళు ముప్పై రెండూ ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి.